వేలిముద్రతో తెరుచుకునే పెన్‌డ్రైవ్: పద్నాలుగు నెలల వాడకం తర్వాత నా అభిప్రాయం

తెనాలిలో ఆదాయపన్ను రిటర్నులు దాఖలు చేసే పనిలో ఉన్న నాకు ఏటా జూన్, జూలై నెలల్లో ఆఫీసుకీ ఇంటికీ తేడా ఉండదు. పగలు ఆఫీసులో మొదలుపెట్టిన లెక్కలను రాత్రి ఇంట్లో కూర్చుని ముగించి, మర్నాడు ఉదయం వాటినే విజయవాడలోని ఆడిటరుగారి దగ్గరకు పట్టుకువెళ్ళాలి. ఈ రాకపోకలన్నిటికీ ఏళ్ళ తరబడి ఒక మామూలు పెన్‌డ్రైవ్ వాడాను. రెండేళ్ళ కిందట ఒక జూలైలో అది పోయింది. బస్సులో జారిపోయిందో, టీ కొట్టు దగ్గర చిల్లర తీస్తున్నప్పుడు జేబులోంచి పడిందో ఈనాటికీ తెలియదు. దాని ఖరీదు ఐదు వందల రూపాయలు. కానీ అందులో నలభై మందికి పైగా క్లయింట్ల పాన్ కార్డులు, ఆధార్ నకళ్ళు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫారం 16లు ఉన్నాయి, దేనికీ ఏ తాళమూ లేదు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి జరిగింది చెప్పాను. రిటైరైన ఒక మాస్టారు అంతా విని, “పోతే పోయిందిలే బాబూ, నా పెన్షన్ వచ్చే ఖాతా నంబరు కూడా అందులోనే ఉందా?” అని అడిగారు. ఉందని చెప్పవలసి వచ్చింది. ఆ తర్వాత ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ సంఘటన తర్వాతే వేలిముద్రతో తెరుచుకునే, లోపలి సమాచారాన్ని ఎన్‌క్రిప్షన్‌తో, అంటే తాళంచెవి లేనివారు చదవలేని సంకేత రాతగా మార్చి దాచే 64 జీబీ పెన్‌డ్రైవ్ కొన్నాను. ధర దాదాపు మూడు వేలు పడింది. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు; ఈ ధరలో దొరికే వాటి నిర్మాణం, పనిచేసే పద్ధతి చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి కనుక, నాకు ఎదురైన ఇబ్బందులను ఒక్క నమూనాకు అంటగట్టడం సబబు కాదనిపించింది. నేను పరిశీలించదలచుకున్న ప్రశ్న ఒక్కటే. ఈ వస్తువు మళ్ళీ బస్సులో జారిపోతే, ఆ మాస్టారుగారికి ఫోన్ చేసినప్పుడు నేను ధైర్యంగా మాట్లాడగలనా?

వస్తువు చూడడానికి పొట్టిగా, బరువుగా, లోహపు తొడుగుతో ఉంటుంది. పైభాగాన చింతగింజంత నల్లటి పలక, దాని పక్కన ఒక చిన్న దీపం ఉన్నాయి. ఆ పలకే వేలిముద్ర సెన్సరు. వేలి మీది గీతల గట్లు పలకకు దగ్గరగా, వాటి మధ్య పల్లాలు కొంచెం దూరంగా ఉండడం వల్ల విద్యుత్ ధారణలో, అంటే విద్యుదావేశాన్ని నిలుపుకునే సామర్థ్యంలో వచ్చే సూక్ష్మమైన తేడాలను బట్టి అది ముద్రను గుర్తిస్తుంది. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే మొదటి వారంలో నేను పడిన విసుగు తప్పేది. దాని గురించి తర్వాత చెబుతాను.

మొదటిసారి కంప్యూటరుకు గుచ్చినప్పుడు తెరుచుకునేది ఒక చిన్న డ్రైవ్ మాత్రమే. అందులో ఒక ప్రోగ్రాము, వాడే విధానం తెలిపే ఒక పీడీఎఫ్ ఉంటాయి. ఈ ప్రోగ్రాము విండోస్‌లోనే నడుస్తుంది కనుక ఇంట్లో మ్యాక్ తప్ప వేరేది లేనివారు ఈ మొదటి ఏర్పాటు కోసమైనా ఒక విండోస్ కంప్యూటరును చూసుకోవాలి. ప్రోగ్రాము ముందుగా పాస్‌వర్డ్ పెట్టమంటుంది, ఆ తర్వాత వేళ్ళు నమోదు చేయమంటుంది, చివరగా డ్రైవ్‌లో ఎంత భాగం అందరికీ కనిపించాలో, ఎంత భాగం తాళంలో ఉండాలో అడుగుతుంది. ఈ మూడింటినీ నేను పది నిమిషాల్లో ముగించి పెద్ద పని చేసేశానని సంతోషించాను. మూడింటిలోనూ పొరపాటు చేశానని తెలియడానికి రెండు వారాలు పట్టింది.

వేళ్ళ సంగతే ముందు చెబుతాను. ఒక్కొక్క వేలినీ ఎనిమిది సార్లు ఆనించి తీయమని ప్రోగ్రాము చెప్పింది. ఆఫీసు బల్ల మీద ల్యాప్‌టాప్ పక్కన డ్రైవ్‌ను గుచ్చి, కుడి బొటనవేలిని ఎనిమిది సార్లూ తిన్నగా, ఒకే చోట అద్దాను. రిజిస్ట్రారు ఆఫీసులో నిశానీ వేసినట్టు శ్రద్ధగా వేశానన్న మాట. కానీ ఇంట్లో నా కంప్యూటరు పెట్టె బల్ల కింద ఉంటుంది. అక్కడ వంగి డ్రైవ్‌ను గుచ్చి వేలు పెడితే బొటనవేలు ఏటవాలుగా, దాదాపు తలకిందులుగా పలక మీదకు వస్తుంది. పదిసార్లలో మూడు నాలుగు సార్లు దీపం ఎర్రగా వెలిగి ఊరుకునేది. ఆ వేలిని తొలగించి మళ్ళీ నమోదు చేసేటప్పుడు వేరే విధంగా చేశాను. నిజంగా వాడే చోటనే డ్రైవ్‌ను గుచ్చి, వేలి కొనను ఒకసారి, కుడి అంచును ఒకసారి, ఎడమ అంచును ఒకసారి, వంగినప్పుడు వచ్చే ఏటవాలు కోణంలో రెండుసార్లు, ఇలా మార్చి మార్చి ఆనించాను. అప్పటి నుంచి తప్పిపోవడం చాలా అరుదు. పలక చిన్నది కనుక ఒక స్పర్శలో వేలిలో కొంత భాగమే దానికి కనిపిస్తుంది. నమోదు సమయంలో చూపించని భాగాన్ని తర్వాత గుర్తుపట్టమంటే అది మాత్రం ఎలా గుర్తుపడుతుంది?

రెండో విసుగు తడి వల్ల వచ్చింది. కాగితాలు తిప్పే వృత్తిలో ఉన్నవాళ్ళ బల్ల మీద ఎప్పుడూ ఒక నీళ్ళ స్పాంజి గిన్నె ఉంటుంది. నేను వోచర్లు తిరగేస్తూ తిరగేస్తూ అదే తడి వేలిని సెన్సరు మీద పెట్టేవాడిని. గట్లకూ పల్లాలకూ మధ్య నీరు నిండితే సెన్సరుకు ఆ తేడా అందదు. ఇప్పుడు ఎడమచేతి ఉంగరపు వేలిని కూడా నమోదు చేసి పెట్టుకున్నాను. ఆ వేలు స్పాంజిలోకి ఎన్నడూ వెళ్ళదు. రేషన్ దుకాణంలో ఈ-పాస్ యంత్రం మీద ముద్ర పడక మళ్ళీ మళ్ళీ వేలు తుడుచుకుని పెట్టే ముసలివారిని మనమందరం చూసినవాళ్ళమే. పొలం పనితో, సున్నంతో, సిమెంటుతో వేలి గీతలు అరిగిపోయినవారికి ఈ డ్రైవ్ కూడా అదే కష్టం పెడుతుంది. అలాంటివారికి దీనిని కొనమని నేను చెప్పను.

ఇక డ్రైవ్‌ను భాగాలు చేయడం గురించి. డబ్బా మీద 64 జీబీ అని ఉన్నా విండోస్‌లో మొత్తం 59.6 మాత్రమే చూపిస్తుంది. ఇది మోసం కాదు. తయారీదారు ఒక జీబీని వంద కోట్ల బైట్లుగా లెక్కిస్తాడు, విండోస్ 1024ను మూడుసార్లు హెచ్చవేసి లెక్కిస్తుంది. నేను మొదట మొత్తం చోటునూ తాళంలోనే పెట్టి, బహిరంగ భాగానికి ఏమీ మిగల్చలేదు. వారం తిరక్కుండానే అది ఎంత తెలివితక్కువ పనో అర్థమైంది. ఒక క్లయింటుకు సంబంధించిన రెండు కాగితాలు ప్రింటు తీయించడానికి జిరాక్స్ షాపుకు వెళ్ళాను. రోజుకు వందమంది పెన్‌డ్రైవ్‌లు గుచ్చే ఆ కంప్యూటరులో ఈ డ్రైవ్‌ను వేలితో తెరిస్తే, నలభై మంది ఫైళ్ళూ అక్కడ ఉన్న ఏ వైరస్‌కైనా అప్పగించినట్టే. తెరవకుండా వెనక్కి వచ్చేశాను. బహిరంగ భాగానికి 4 జీబీ కేటాయించి, ప్రింటు తీయవలసిన కాగితం మాత్రమే అందులో వేసుకుని వెళ్ళడం ఇప్పటి అలవాటు. అయితే భాగాల పరిమాణం మార్చిన క్షణంలో డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. ప్రోగ్రాము ఈ హెచ్చరికను ఒక్క వాక్యంలో, చిన్న అక్షరాలతో చూపిస్తుంది. నా దగ్గర వేరే ప్రతి ఉంది కనుక నష్టం కలగలేదు.

దీనికి అనుబంధంగా ఇంకొక విషయం ఉంది. తాళంలో ఉండే భాగం ఎఫ్ఏటీ32 అనే, ఫైళ్ళను అమర్చే పాత పద్ధతిలో వచ్చింది. ఆ పద్ధతిలో ఒక్క ఫైలు 4 జీబీకి మించితే చోటు ఎంత ఉన్నా కాపీ కాదు. స్కాన్ చేసిన పాత రికార్డులను ఒకే జిప్‌గా కట్టి వేయబోతే ఫైలు మరీ పెద్దదన్న సందేశం వచ్చినప్పుడు, డ్రైవే పాడైందని అనుకున్నాను. ఈ 4 జీబీ పరిమితి లేని ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలోకి మార్చుకోవడం తేలికే, కానీ అది కూడా ఖాళీగా ఉన్నప్పుడే చేసుకోవాలి.

ఈ ఏర్పాట్లన్నీ కుదిరాక రోజువారీ వాడకం నిజంగా హాయిగా ఉంది. గుచ్చి, వేలు ఆనిస్తే ఒక సెకను లోపు దీపం ఆకుపచ్చగా మారి తాళంలోని భాగం తెరుచుకుంటుంది. ముద్రను పోల్చి చూసే పని డ్రైవ్ లోపలి చిప్‌లోనే జరుగుతుంది కనుక కంప్యూటరులో ఏ ప్రోగ్రామూ అక్కరలేదు. ఆడిటరుగారి ఆఫీసు కంప్యూటర్లలో కొత్త ప్రోగ్రాములు నడవనివ్వరు. అక్కడ కూడా ఇది ఇబ్బంది లేకుండా తెరుచుకుంది. మా అబ్బాయి మ్యాక్‌లోనూ, ఓటీజీ తీగతో నా ఫోన్‌లోనూ అంతే. ఈ డ్రైవ్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం ఇదే. పాస్‌వర్డ్‌తో తెరవాలంటే మాత్రం ప్రోగ్రాము నడవాలి, అంటే మళ్ళీ విండోస్ కావాలి.

వేగం సంగతి త్వరగా చెప్పేస్తాను. 3.2 జీబీ ఉన్న ఒక్క జిప్ ఫైలును అందులోకి ఎక్కించడానికి దాదాపు 80 సెకన్లు పట్టింది. అంతే పరిమాణాన్ని ఆరు వేల చిల్లర ఫైళ్ళుగా ఎక్కిస్తే పదకొండు నిమిషాలు పట్టింది. చిన్న ఫైళ్ళు ఎక్కువగా ఉన్నవారు జిప్‌గా కట్టి వేసుకోవడం మేలు.

అసలు ప్రశ్న భద్రత. డబ్బా మీద 256 బిట్ ఏఈఎస్ అని రాసి ఉంటుంది. అంటే 256 బిట్ల పొడవైన తాళంచెవితో పనిచేసే ఎన్‌క్రిప్షన్ పద్ధతి. ఇద్దరు బెల్జియం శాస్త్రవేత్తలు, యోవాన్ డామెన్, విన్సెంట్ రైమెన్ రూపొందించిన ఈ పద్ధతిని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2001లో ప్రమాణంగా ప్రకటించింది. బ్యాంకుల నుంచి ఫోన్ల దాకా నేడు అందరూ వాడుతున్నది దీనినే. తాళంచెవి లేకుండా ఊరికే ప్రయత్నించి చూసి దీనిని ఛేదించడం సాధ్యమయ్యే పని కాదు. కానీ తాళం గట్టిదైనంత మాత్రాన ఇల్లు భద్రం కాదు, తాళంచెవి ఎక్కడ పెట్టామన్నదే ముఖ్యం. 2010లో జర్మనీకి చెందిన సైస్ అనే సంస్థ నిపుణులు, ఇదే ఏఈఎస్ వాడే, అమెరికా ప్రభుత్వ ధ్రువీకరణ కూడా ఉన్న కొన్ని పేరున్న పెన్‌డ్రైవ్‌లను తెరిచి చూపించారు. ఎన్‌క్రిప్షన్ జోలికే వారు పోలేదు. పాస్‌వర్డ్ సరైనదా కాదా అని పరీక్షించే పని కంప్యూటరులోని ప్రోగ్రాములో జరుగుతూ, సరైనదైతే ప్రతిసారీ ఒకే రకం సంకేతం డ్రైవ్‌కు వెళ్తోందని కనిపెట్టి, ఆ సంకేతాన్ని నేరుగా పంపారు. 2022లో అదే సంస్థ వేలిముద్రతోనూ, అంకెల మీటలతోనూ తెరిచే మరికొన్ని డ్రైవ్‌లలో వేరే లోపాలు బయటపెట్టింది. కనుక డబ్బా మీది ఏఈఎస్ అన్న మూడు అక్షరాలు చూసి పూర్తిగా నమ్మవద్దని నా మనవి. పోల్చి చూసే పని డ్రైవ్ లోపలే జరుగుతుందా, బయటి నిపుణులు ఎవరైనా దానిని పరీక్షించారా అన్నవి కొనేముందు వెతికి చూసుకోవాలి.

వేలిముద్ర విషయంలో మన ప్రాంతం వారికి ఒక చేదు అనుభవం ఉంది. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డుల పంపిణీ చేసే ఒక వ్యక్తి, భూముల రిజిస్ట్రేషన్ పత్రాల మీద ఉన్న వేలిముద్రలను సేకరించి, రబ్బరు స్టాంపులు తయారుచేసే పద్ధతిలో నకిలీ వేళ్ళు చేసి, వేల సిమ్ కార్డులను వేరేవారి పేర్ల మీద తెరిచిన కేసు బయటపడింది. అంతకు చాలా ముందే, 2002లో, జపాన్‌లోని యొకొహామా నేషనల్ యూనివర్సిటీ ప్రొఫెసరు త్సుతోము మత్సుమొతో బృందం జెలటిన్‌తో చేసిన వేళ్ళతో పదకొండు రకాల సెన్సర్లను మోసగించి చూపించింది. వేలిముద్ర రహస్యం కాదు. మనం తాకిన ప్రతి గ్లాసు మీదా, తలుపు మీదా దానిని వదిలి వెళ్తూనే ఉంటాం. ఒక సాయంత్రం ఈ డ్రైవ్‌ను టేబుల్ లైటు కింద ఏటవాలుగా పట్టుకుని చూశాను. నున్నటి లోహపు తొడుగు మీద, సెన్సరుకు అర అంగుళం దూరంలో, నా బొటనవేలి గీతలు సుడి తిరిగి స్పష్టంగా కనిపించాయి. తాళంచెవి తాళం మీదే అతికించి ఉన్నట్టు అనిపించింది. అప్పటి నుంచి చొక్కా అంచుతో తుడవకుండా దానిని జేబులో వేయడం మానేశాను.

అయినా బస్సులో ఈ డ్రైవ్ దొరికినవాడు జెలటిన్ వేలు తయారుచేస్తాడని నేను అనుకోవడం లేదు. వాడు గుచ్చి చూస్తాడు, ఏమీ కనిపించదు, మహా అయితే ఫార్మాట్ చేసి వాడుకుంటాడు. నన్ను ఎరిగినవాడు, నా దగ్గరి సమాచారం కోసమే వచ్చినవాడు వేరు. వాడు వేలితో కంటే పాస్‌వర్డ్‌తో ప్రయత్నించడానికే ఎక్కువ అవకాశం ఉంది. నేను చేసిన మూడో పొరపాటు అక్కడే. వేలు ఉంది కదా, పాస్‌వర్డ్‌తో పనేముందిలే అన్న ధీమాతో మా అబ్బాయి పుట్టినరోజును పాస్‌వర్డ్‌గా పెట్టాను. వేలు పక్క తలుపు మాత్రమే, సింహద్వారం పాస్‌వర్డే. దానిని ఊహించగలిగితే వేలి అవసరమే లేదు. కొన్ని నమూనాలు తయారీలోనే ఒక సులువైన పాస్‌వర్డ్‌తో వస్తాయి; దానిని మార్చకుండా వాడేవారు తాళం తీసి ఉంచినట్టే లెక్క. ఇప్పుడు నా పాస్‌వర్డ్ ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాసినది. దానిని ఒక కాగితం మీద రాసి, కవరులో పెట్టి, బీరువా లాకరులో దాచాను. మరచిపోతే కంపెనీవారు కూడా తెరవలేరు, రీసెట్ చేస్తే అంతా చెరిగిపోతుంది.

ఒకసారి తెరిచాక ఇది మామూలు పెన్‌డ్రైవ్‌తో సమానమని కూడా గుర్తుంచుకోవాలి. భోజనానికి వెళ్తూ తెరిచి వదిలేస్తే ఎవరైనా కాపీ చేసుకోవచ్చు. నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి ఇంకొకటి ఉంది. కంప్యూటరును రీస్టార్ట్ చేస్తే తాళం పడుతుందని అనుకున్నాను. పడలేదు. రీస్టార్ట్‌లో యూఎస్‌బీ పోర్టుకు కరెంటు ఆగలేదు కనుక డ్రైవ్ తెరిచిన స్థితిలోనే ఉండిపోయింది. బయటికి లాగితేనే నిశ్చయంగా తాళం పడుతుంది.

ఆఫీసులో సహాయకుడిగా ఉన్న కుర్రవాడి వేలిని కూడా నమోదు చేశాను. మొన్న మార్చిలో అతను వేరే ఉద్యోగానికి వెళ్తూ తానే గుర్తుచేశాడు: “సార్, నా వేలు తీసేయండి, రేపు ఏదైనా జరిగితే నాకూ మాట వస్తుంది.” తీయబోతే ప్రోగ్రాములో వేళ్ళకు పేర్లు లేవు, వేలు 1, వేలు 2 అని వరుసగా ఉన్నాయి. ఏది ఎవరిదో తెలియక అన్నీ చెరిపి మొదటి నుంచి నమోదు చేయవలసి వచ్చింది. ఇప్పుడు డైరీలో రాసుకున్నాను. పేరు పెట్టుకునే వీలు కల్పించడం తయారీదారులకు పెద్ద పని కాదు, వెంటనే చేయవలసిన మార్పు అది.

ఇంతకీ దీనికి మూడు వేల రూపాయలు పెట్టాలా? విండోస్ ప్రో ఉన్నవారికి బిట్‌లాకర్ అనే ఎన్‌క్రిప్షన్ సౌకర్యం ఊరికే వస్తుంది. మామూలు ఐదు వందల పెన్‌డ్రైవ్‌ను దానితో ఎన్‌క్రిప్ట్ చేసుకోవచ్చు. విండోస్ హోమ్ ఎడిషన్‌లో అలాంటి డ్రైవ్‌ను తెరవగలం కానీ కొత్తగా తయారు చేయలేం. వెరాక్రిప్ట్ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రాము ఉచితమే, నిపుణులు పరిశీలించినదే, కానీ కొత్త కంప్యూటరులో దానిని నడపాలంటే అడ్మిన్ అనుమతి కావాలి. ఎప్పుడూ తన ఒక్క కంప్యూటరులోనే పని చేసుకునేవారికి ఈ రెండింటిలో ఒకటి చాలు, ఈ డ్రైవ్ అనవసరపు ఖర్చు. నాలాగా మూడు చోట్ల, మూడు రకాల యంత్రాల మీద, అందులో ఒకటి తన అధీనంలో లేని యంత్రం మీద పనిచేసేవారికి ఇది డబ్బుకు తగిన వస్తువు. ఎవరి సమాచారం మన దగ్గర ఉందో వారి పట్ల బాధ్యత ఇప్పుడు చట్టంలో కూడా ఉంది: 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, తగిన భద్రతా చర్యలు తీసుకోనివారికి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా విధించే వీలు కల్పించింది.

ఒక్క షరతు మాత్రం ఉంది. ఇందులో ఉన్న ఏ ఫైలైనా వేరొక చోట కూడా ఉండి తీరాలి. మామూలు పెన్‌డ్రైవ్ చెడిపోతే డేటా రికవరీవారు లోపలి చిప్‌ను విడదీసి కొంతైనా వెలికితీసే ఆశ ఉంటుంది. ఇక్కడ ఆ చిప్‌లో ఉన్నది తాళంచెవి లేని రాత, అది ఎవరికీ అక్కరకు రాదు. నేను ప్రతి శనివారం సాయంత్రం దీనిలోని ఫైళ్ళను ఆఫీసు బీరువాలో ఉండే, బిట్‌లాకర్ వేసిన హార్డ్ డిస్కులోకి మారుస్తాను. మొన్నటి సీజనులో ఆ మాస్టారు కాగితాలు ఇవ్వడానికి వచ్చినప్పుడు డ్రైవ్‌ను ఆయన చేతిలో పెట్టి వేలు ఆనించమన్నాను. ఎర్ర దీపం వెలిగింది. నేను ఆనించి తెరిచి చూపించాను. ఆయన దానిని తిప్పి చూసి, “దీనికి ఒక తాడు కట్టుకో బాబూ, అసలు పోకుండా ఉంటుంది” అన్నారు. ఆ రోజే ఒక నల్లటి తాడు కొని, చివరనున్న రంధ్రానికి కట్టాను.